స్కాన్ రిపోర్టులో గర్భసంచి సైజు మీ వయసుకు తగ్గట్టు ఉందో లేదో చూసుకోవడం ఎలా

"అక్కా, సంచికి వాపొచ్చిందట, తొమ్మిది సెంటీమీటర్లట, తీపిచ్చుకోమంటుండ్రు." దీని వెనకాలే వాట్సాప్‌లో రిపోర్టు ఫోటో వస్తుంది, సగం మసకగా, ఒక మూల బొటనవేలు కనపడుతూ. మిర్యాలగూడ నుంచి వస్తుంది, దేవరకొండ నుంచి వస్తుంది, అచ్చంపేట, నారాయణపేట నుంచి కూడా వస్తుంది. నేను డాక్టర్ని కాదు, గైనిక్ ఓపీలో చాలా ఏళ్లు నర్సుగా పనిచేసినదాన్ని. ఎవరు పంపినా నేను ముందు అడిగేవి రెండే: వయసెంత, కాన్పులెన్ని. ఎందుకంటే తొమ్మిది సెంటీమీటర్లు అనేది ముగ్గురు పిల్లల్ని కన్న 38 ఏళ్ల మనిషికి మామూలు సైజు, అదే తొమ్మిది ముట్లు ఆగి పదిహేనేళ్లయిన 62 ఏళ్ల అవ్వకు ఉంటే వెంటనే చూపించుకోవాల్సిన సంగతి. అంకె ఒకటే, అర్థం వేరు.

ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అంతా ఒక్కచోట రాస్తున్నాను. రిపోర్టు ముందు పెట్టుకుని ఒక్కో మెట్టు చూసుకుంటూ రండి, అరగంట పడుతుంది.

ముందు ఒక హెచ్చరిక. కింది వాటిలో ఏది ఉన్నా ఇది చదువుతూ కూర్చోవద్దు, ఆసుపత్రికి వెళ్లండి:

- ముట్లు పూర్తిగా ఆగి ఏడాది దాటాక మళ్లీ రక్తం కనపడటం, ఒక్క చుక్కయినా సరే, గులాబీ రంగు మరకయినా సరే
- గంటకో ప్యాడ్ నిండిపోతూ రెండు మూడు గంటలు ఆగకపోవడం, కళ్లు తిరగడం. దీనికి 108కి ఫోన్ చేయండి
- నెల తప్పి కడుపులో ఒక పక్క గట్టిగా నొప్పి రావడం
- జ్వరం, పొత్తికడుపు నొప్పి, వాసనతో తెల్లబట్ట, ఈ మూడూ కలిసి రావడం
- కాన్పయ్యాక వారం పది రోజులకు రక్తం తగ్గాల్సింది పోయి మళ్లీ ఎక్కువవడం

కావలసినవి

స్కాన్ రిపోర్టు కాగితం (ఫిల్ము మీద బొమ్మలు కాదు, టైపు చేసిన కాగితం). ఇంతకుముందు ఎప్పుడైనా తీయించుకున్న స్కాన్ ఉంటే అది కూడా, పదేళ్ల కిందటిదైనా పనికొస్తుంది. చివరి ముట్టు మొదలైన తేదీ. కాన్పుల లెక్క, అందులో ఆపరేషన్ కాన్పులెన్ని, చివరిది ఎప్పుడు. వాడుతున్న మందుల పేర్లు, ముఖ్యంగా హార్మోన్ గోళీలు, పిల్లలు కాకుండా వేసుకునే అంతర ఇంజెక్షన్, రొమ్ము కేన్సర్‌కు వాడే టామోక్సిఫెన్. ఆరు నెలల్లోపు చేయించుకున్న హిమోగ్లోబిన్ పరీక్ష. పిల్లల స్కేలు ఒకటి, ఒక పెన్ను.

మెట్టు 1. కొలతల లైను వెతకండి

రిపోర్టులో యూటరస్ అని ఇంగ్లీషులో రాసి ఉన్న చోట మూడు అంకెలుంటాయి, మధ్యలో ఇంటూ గుర్తుతో. ఉదాహరణకు 8.6 × 4.9 × 4.1. వీటిలో పెద్దది పొడవు. మిగతా రెండూ వెడల్పు, ముందు నుంచి వెనక్కి మందం. ఈ రెండింటినీ ఒక్కో సెంటర్ ఒక్కో వరుసలో రాస్తుంది కాబట్టి వాటి దగ్గర బుర్ర పాడుచేసుకోవద్దు, మనకు ముఖ్యంగా కావాల్సింది పొడవు.

ఇక్కడే మొదటి తప్పు జరుగుతుంది. కొన్ని రిపోర్టులు సెంటీమీటర్లలో, కొన్ని మిల్లీమీటర్లలో ఉంటాయి. ఒకామె "నాది 82 ఉందక్కా, మా తోటికోడలిది 8 ఉంది" అని ఏడుస్తూ ఫోన్ చేసింది. ఇద్దరిదీ దాదాపు ఒకటే! అంకె పక్కన ఏముందో చూడండి, మి.మీ. అయితే పదితో భాగించండి. 82 మి.మీ. అంటే 8.2 సెంటీమీటర్లు.

స్కేలు మీద ఆ పొడవు గీసి చూడండి. చాలామందికి అక్కడే సగం భయం పోతుంది, ఎందుకంటే సంచి అంటే కడుపంతా నిండి ఉండే పెద్ద సంచి అనుకుంటారు, నిజానికి అది తలకిందులుగా పెట్టిన జామకాయంత.

మెట్టు 2. స్కాన్ ఎలా తీశారో గుర్తు చేసుకోండి

పొట్ట మీద జెల్లు రాసి తీశారా, యోని లోపలి నుంచి తీశారా? పొట్ట మీద నుంచి తీసేటప్పుడు నీళ్లు తాగి మూత్రం ఆపుకోమంటారు. మరీ ఎక్కువ నిండితే మూత్రాశయం సంచిని నొక్కి ఆకారం కాస్త మారుస్తుంది, సరిగ్గా నిండకపోతే అసలు స్పష్టంగా కనపడదు. లోపలి నుంచి తీసేదానికి మూత్రం పోసి రావాలి, బొమ్మ కూడా దగ్గరగా స్పష్టంగా వస్తుంది (పెళ్లికాని పిల్లలకు ఇది చేయరు, అడగొద్దు కూడా). ముట్టు వచ్చే ముందు సంచి కొద్దిగా ఉబ్బినట్టు ఉంటుంది. కొందరు మూతి భాగాన్ని కలిపి కొలుస్తారు, కొందరు వదిలేస్తారు.

వీటన్నిటి వల్ల ఒకే మనిషికి రెండు సెంటర్లలో తీస్తే అర సెంటీమీటరు, ఒక్కోసారి సెంటీమీటరు దాకా తేడా వస్తుంది. దాన్ని పెరగడం అనరు.

మెట్టు 3. మీ వయసు ఏ దశలో ఉందో చూడండి

ఈ మెట్టు దగ్గర నిదానంగా ఉండండి, మిగతావన్నీ దీని మీదే ఆధారపడ్డాయి. సంచి సైజు పుట్టినప్పటి నుంచి చివరిదాకా ఒకేలా ఉండదు. అండాశయాల నుంచి వచ్చే ఈస్ట్రోజన్ హార్మోన్ ఎంత ఉంటే దాన్ని బట్టి పెరుగుతుంది, తగ్గుతుంది. థియరీ ఇంతకంటే అక్కర్లేదు.

పుట్టిన ఆడపిల్ల: మూడు, మూడున్నర సెంటీమీటర్లు. తల్లి హార్మోన్ల ప్రభావం వల్ల ఆ కొద్దిరోజులు కాస్త పెద్దగా ఉండి, కొన్ని వారాల్లో చిన్నదవుతుంది. మొదటి వారాల్లో పసిపిల్ల బట్టకు చుక్క రక్తం అంటినా ఇదే కారణం కావచ్చు. కంగారు పడి పసరు మందులు పోయకండి, ఒకసారి పిల్లల డాక్టర్‌కు చూపిస్తే చాలు.

ఏడెనిమిదేళ్ల దాకా: రెండున్నర నుంచి మూడున్నర, ఎక్కువైతే నాలుగు. పాలమూరు పల్లికాయ ఒకటి తీసి అరచేతిలో పెట్టుకోండి, సుమారుగా అంతే. ఈ వయసులో పై భాగం కంటే మూతి భాగమే పెద్దగా ఉంటుంది, గొట్టంలా కనపడుతుంది. కడుపునొప్పికని తీసిన స్కాన్‌లో ఇది చూసి "పిల్లకు సంచి ఎదగలేదట" అని భయపడొద్దు, ఎదిగే వయసు ఇంకా రాలేదు.

పదేళ్ల నుంచి మెచ్యూర్ అయ్యేదాకా: రొమ్ములు పెరగడం మొదలయ్యాక సంచి కూడా వేగంగా పెరుగుతుంది. పెద్దమనిషి అయ్యే సమయానికి సాధారణంగా ఐదు సెంటీమీటర్లు దాటుతుంది, ఆ తర్వాత కూడా కొన్నేళ్లు పెరుగుతూనే ఉంటుంది. కాబట్టి 13 ఏళ్ల పిల్లకు 5.5 ఉంటే దాన్ని వాళ్లమ్మ 8.5తో పోల్చొద్దు. డాక్టర్ దగ్గరకు వెళ్లాల్సింది ఎప్పుడంటే 13 ఏళ్లు నిండినా రొమ్ముల ఎదుగుదల మొదలు కాకపోతే, లేదా 15 నిండినా ముట్టు రాకపోతే. "పెళ్లయితే అదే వస్తుంది" అని ఆగకండి, దయచేసి. అలా ఆగి, పెళ్లి చేసి, తర్వాత అసలు కారణం తెలిసి ఆ పిల్లను అత్తగారింటి నుంచి పంపేసిన సంగతి నా కళ్లతో చూశాను.

వయసొచ్చి, ఇంకా పిల్లలు పుట్టని ఆడవాళ్లు: పొడవు ఆరు నుంచి ఎనిమిది, వెడల్పు నాలుగైదు, మందం మూడు నాలుగు. జామకాయ అన్నాను కదా, ఆకారం కూడా అదే, పైన వెడల్పు కింద సన్నం.

పిల్లలు పుట్టినవాళ్లు: పై అంకెలకు ప్రతి కొలతలో ఒకటి, రెండు సెంటీమీటర్లు కలుపుకోండి. ఎనిమిది నుంచి పది దాకా మామూలే. కాన్పులు ఎక్కువైనవాళ్లకు ఇంకొంచెం ఎక్కువ ఉంటుంది. జీవితంలో సంచి అన్నిటికంటే పెద్దగా ఉండేది ముట్లు ఆగడానికి ముందు, నలభైల్లో. సరిగ్గా ఆ వయసులోనే నెలసరి గతి తప్పుతుంది, స్కాన్ తీస్తారు, రిపోర్టులో బల్కీ (మామూలు కంటే కాస్త పెద్దది) అని వస్తుంది, ఊళ్లో అందరూ "వాపు" అంటారు. ఇది ఎంత మందిని ఆపరేషన్ బల్ల ఎక్కించిందో చెప్పలేను.

ముట్లు ఆగినవాళ్లు: వరసగా 12 నెలలు ముట్టు రాకపోతేనే ఆగినట్టు లెక్క, మూడు నెలలు రాకపోతే కాదు. మన దేశంలో ఇది సగటున 46, 47 ఏళ్లకు వస్తుంది. ఆ తర్వాత మొదటి పదేళ్లలో సంచి త్వరగా చిన్నదవుతుంది, తర్వాత నెమ్మదిగా. మూడున్నర నుంచి ఆరున్నర మధ్య, మందం రెండు సెంటీమీటర్ల లోపు. కూరకు కోసే దొండకాయ అనుకోండి. నిన్నమొన్ననే ముట్లు ఆగినవాళ్లకు, నలుగురైదుగురు పిల్లల్ని కన్నవాళ్లకు ఏడు ఉన్నా ఆశ్చర్యం లేదు. రిపోర్టులో అట్రోఫిక్ అని ఉంటే "ఎండిపోయింది, పాడైంది" అని అర్థం చెప్పేవాళ్లున్నారు. పాడవలేదు, వయసుకు తగ్గట్టు చిన్నదైంది, అంతే.

ముట్లు ఆగాక సంచి గానీ అందులోని గడ్డ గానీ పెరుగుతోందంటే మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. ఆ వయసులో గడ్డలు తగ్గాలి, పెరగకూడదు.

మెట్టు 4. ఈ మధ్య కాన్పయి ఉంటే ఈ లెక్క వేరు

కడుపుతో ఉన్నప్పుడు మూడో నెల నిండేసరికి సంచి పొత్తికడుపు ఎముక పైకి వస్తుంది, ఐదో నెలకు బొడ్డు దాకా, తొమ్మిదో నెలకు పక్కటెముకల దాకా. 50, 60 గ్రాములుండేది నెలలు నిండేసరికి కిలో దాకా అవుతుంది. కాన్పు కాగానే మళ్లీ బొడ్డు దగ్గర గట్టిగా బంతిలా తగులుతుంది, రోజుకు వేలి వెడల్పు చొప్పున దిగి, పది పదిహేను రోజులకు పైనుంచి చేతికి తగలకుండా పోతుంది, ఆరు వారాలకు దాదాపు పాత సైజుకు వస్తుంది.

అందుకని కాన్పయిన ఇరవై రోజులకు ఏదో కారణంతో స్కాన్ తీస్తే 12 సెంటీమీటర్లు వచ్చినా వాపు కాదు. రక్తం ఎక్కువ పోవడం, జ్వరం లాంటివి లేకపోతే ఆరు వారాలు దాటాక మళ్లీ తీయించి అప్పుడు పోల్చండి. ఒక పనికిరాని అలవాటు గురించి కూడా చెప్పాలి: సంచి లోపలికి పోవాలని బాలింత నడుముకు చీర గట్టిగా బిగించి కడతారు. సంచి చిన్నదయ్యేది దాని కండరం బిగుసుకోవడం వల్ల, బిడ్డకు పాలిస్తే ఆ బిగుసుకోవడం ఇంకా బాగా జరుగుతుంది. చీరకు దానితో సంబంధం లేదు. నడుముకు ఆసరాగా వదులుగా కట్టుకుంటే మీ ఇష్టం.

మెట్టు 5. లోపలి పొర మందాన్ని తేదీతో కలిపి చూడండి

రిపోర్టులో ఈటీ అని, పక్కన మిల్లీమీటర్లలో ఒక అంకె ఉంటుంది. అది సంచి సైజు కాదు, గడ్డ సైజు అసలే కాదు, లోపలి పొర మందం. ప్రతి నెలా పెరిగి ముట్టుతో రాలిపోయే పొర అది. ముట్టు రోజుల్లో 1 నుంచి 4 ఉంటుంది, తర్వాత పెరుగుతూ, ముట్టు వచ్చే ముందు 16 దాకా పోవచ్చు. కాబట్టి చివరి ముట్టు తేదీ పక్కన పెట్టకుండా ఈ అంకెను చదవడం దండగ. అంతర ఇంజెక్షన్ వేసుకునేవాళ్లకు పొర పలచగా ఉంటుంది, ముట్టే రాకపోవచ్చు, అది మందు పని.

ముట్లు ఆగినవాళ్లకు మాత్రం ఈ అంకె చాలా ముఖ్యం. రక్తం కనపడి, పొర 4 మి.మీ. కంటే ఎక్కువుంటే లోపలి నుంచి చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపాలి. 4 లోపు ఉంటే భయం బాగా తక్కువ, అయినా డాక్టర్ చూడాలి, రక్తం మళ్లీ మళ్లీ వస్తుంటే పరీక్ష ఇంకా ముందుకు పోవాలి. రక్తం ఏమీ లేకుండా వేరే దేనికో తీసిన స్కాన్‌లో పొర 5, 6 ఉందని వెంటనే ఆపరేషన్ అంటే ఒప్పుకోకండి, ఇంకో డాక్టర్‌ను అడగండి. టామోక్సిఫెన్ వాడేవాళ్లకు పొర మందంగా కనపడుతుంది, ఆ మాట స్కాన్ తీసేవాళ్లకు ముందే చెప్పండి.

మెట్టు 6. సైజు పక్కన రాసిన మాటలు చదవండి

బల్కీ అంటే మామూలు కంటే కాస్త పెద్దది అని. రోగం పేరు కాదు. ఎందుకు పెద్దగా ఉంది అనే దానికి జవాబు ఆ తర్వాత వాక్యంలో ఉండాలి, లేకపోతే డాక్టర్‌ను అడగాలి.

ఫైబ్రాయిడ్ అంటే కండర గడ్డ, దాదాపు అన్నీ కేన్సర్ కానివే. ఎంత ఉందనే దానికంటే ఎక్కడ ఉందనేది ముఖ్యం. లోపలి పొర వైపు ఉన్న రెండు సెంటీమీటర్ల గడ్డ రక్తం కారిపించి మనిషిని పాలిపోయేలా చేస్తుంది, బయటి గోడ మీద నల్లగొండ బత్తాయంత ఉన్నది కూడా కొందరిలో ఏమీ చేయకుండా అలాగే ఉండి, ముట్లు ఆగాక తగ్గిపోతుంది. రిపోర్టులో సబ్‌మ్యూకోసల్ అంటే లోపలి వైపు, ఇంట్రామ్యూరల్ అంటే గోడలో, సబ్‌సీరోసల్ అంటే బయటి వైపు.

అడినోమయోసిస్ అంటే లోపలి పొర కండరంలోకి చొచ్చుకుపోయి సంచి ఉబ్బినట్టు అవడం. ముట్టు నొప్పి, రక్తం ఎక్కువ. ముప్పై, నలభైల్లో ఎక్కువ చూస్తాం.

రెట్రోవర్టెడ్ అంటే సంచి వెనక్కి వంగి ఉంది. సుమారు ఐదుగురిలో ఒకరికి అలాగే ఉంటుంది, దోషం కాదు. "సంచి తిరిగిపోయింది, అందుకే పిల్లలు కావట్లేదు" అని దీనికి మందులు అమ్మేవాళ్ల దగ్గరకు వెళ్లకండి. నెబోథియన్ సిస్టులు అంటే మూతి దగ్గర చిన్న నీటి బుడగలు, వదిలేయొచ్చు.

"12 వారాల సైజు" అని డాక్టర్ అంటే కడుపొచ్చిందని కాదు. మూడో నెల కడుపుతో ఉన్నప్పుడు సంచి ఎంత ఉంటుందో అంత పెద్దగా ఉందని అర్థం. ఈ ఒక్క మాట విని ఇంట్లో భర్త అనుమానపడి గొడవ జరిగిన ఇల్లు నాకు తెలుసు. ఓపీలోకి మగవాళ్లను కూడా తీసుకురండి, వాళ్ల చెవులతో వాళ్లే వింటారు.

మెట్టు 7. పాత రిపోర్టుతో పోల్చండి

ఒక కాగితం మీద తేదీ, పొడవు, వెడల్పు, మందం, గడ్డ ఉంటే దాని కొలత, రెండు రిపోర్టులవీ పక్కపక్కన రాయండి. సెంటీమీటరు లోపు తేడాను వదిలేయండి. కొన్ని నెలల్లోనే బాగా తేడా కనపడితే, గడ్డ 3 నుంచి 6కి పోయిందనుకోండి, అది డాక్టర్‌కు చెప్పాల్సిన సంగతి. మళ్లీ స్కాన్ తీయించేటప్పుడు వీలైతే అదే సెంటర్లో, ముట్టు ఆగిన రెండు మూడు రోజులకు తీయించండి, అప్పుడు పోలిక సరిగ్గా ఉంటుంది. ప్రతి నెలా తీయించాల్సిన పని లేదు, డబ్బులు దండగ.

మెట్టు 8. కాగితం పక్కన పెట్టి మీ ఒంటిని చూసుకోండి

వైద్యం చేసేది సైజుకు కాదు, మీ బాధకు. మూడు నెలలు క్యాలెండర్ మీద రాయండి: ముట్టు ఎన్ని రోజులు, రోజుకు ఎన్ని ప్యాడ్లు, రక్తం గడ్డలు పడుతున్నాయా, పత్తి ఏరడానికో నాట్లకో వెళ్లలేనంత నొప్పి ఎన్ని రోజులు. ఎనిమిది రోజులు దాటడం, రాత్రి లేచి ప్యాడ్ మార్చాల్సి రావడం, రూపాయి బిళ్లకంటే పెద్ద గడ్డలు పడటం, ఇవి ఎక్కువ రక్తస్రావం గుర్తులు. బట్ట వాడేవాళ్లు ఎన్నిసార్లు మార్చారో రాయండి. హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువుంటే రక్తం తక్కువున్నట్టు, సైజు ఎంతున్నా ముందు దానికి మందు కావాలి.

మూత్రం మాటిమాటికీ రావడం, మలబద్ధకం, పొత్తికడుపులో బరువు ఉంటే పెద్ద గడ్డ నొక్కుతోందేమో చూడాలి. సంచి కిందికి జారడం వేరే సమస్య, దానికీ సైజుకూ సంబంధం లేదు.

బాధేమీ లేదు, రక్తం బాగానే ఉంది, రిపోర్టులో మాత్రం 9.5 అని ఉంది, వయసు 40, ముగ్గురు పిల్లలు. ఏం చేయాలి? చాలామందికి ఏమీ చేయక్కర్లేదు, డాక్టర్ చెప్పినప్పుడు మళ్లీ చూపించుకుంటే చాలు.

మెట్టు 9. ఆపరేషన్ అంటే ఆ రోజే సంతకం పెట్టకండి

2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద సుమారు 3 శాతం ఉంటే, మన తెలంగాణలో దాదాపు 8 శాతం ఉన్నారు. మన ఆడవాళ్ల సంచులు దేశంలో వేరేవాళ్ల కంటే ఎక్కువ పాడవుతున్నాయా? అవసరం లేని ఆపరేషన్లు ఆపడానికి కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలను అమలు చేయమని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలకు చెప్పింది కూడా.

మా చిన్నమ్మ కూతురికి 31 ఏళ్లకు తీసేశారు. తెల్లబట్ట అవుతోందని పోయింది, స్కాన్‌లో 9.2 వచ్చింది, "ఉంచుకుంటే కేన్సర్ అవుతుంది" అన్నారు, బంగారం కుదువపెట్టి మూడో రోజు ఆపరేషన్. అండాశయాలు కూడా తీసేశారని ఏడాది తర్వాత, ఒంట్లో ఆవిర్లు, నడుము నొప్పి, నిద్ర లేకపోవడంతో నా దగ్గరకు వచ్చినప్పుడు ఆ డిశ్చార్జ్ కాగితం చూస్తే తెలిసింది. ఆమెకే తెలియదు. ఇద్దరు పిల్లల్ని కన్న మనిషికి 9.2 మామూలు సైజు అని అప్పుడు ఎవరైనా చెప్పి ఉంటే, తెల్లబట్టకు మందులు వేసుకుని వచ్చేది.

అడగాల్సినవి రాసుకుని వెళ్లండి. నా రోగం పేరేంటి, సైజు కాదు, పేరు? కేన్సర్ అనుమానం ఉంటే ఏ పరీక్షలో తేలింది, ఆ కాగితం ఇస్తారా? మందులతో తగ్గదా? అండాశయాలు ఉంచుతారా, తీస్తారా? మూడు నెలలు ఆగితే ఏమవుతుంది?

వేరే దారులు చాలా ఉన్నాయి. రక్తం తగ్గించే గోళీలు, హార్మోన్ మందులు, సంచి లోపల పెట్టే హార్మోన్ లూప్, గడ్డ ఒక్కటే తీసే ఆపరేషన్. ఏది మీకు సరిపోతుందో డాక్టర్ చెప్పాలి, మెడికల్ షాపులో అడిగి కొనుక్కోవద్దు. కేన్సర్ తేలితే, రక్తం ఏ మందుకూ ఆగకపోతే, పెద్ద గడ్డలు నొక్కుతుంటే ఆపరేషన్ అవసరమే, అప్పుడు భయపడి వాయిదా వేయకండి. నలభై దాటని మనిషికి వేరే కారణం లేకుండా అండాశయాలు తీయకూడదు, ఎముకలు, గుండె దెబ్బతింటాయి. అవి ఉంచినా సంచి తీసినవాళ్లకు ముట్లు ఆగినప్పటి బాధలు కొంచెం ముందే రావచ్చు.

రెండో అభిప్రాయానికి నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్ మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో గైనిక్ ఓపీలు ఉన్నాయి, భువనగిరి వైపు వాళ్లకు బీబీనగర్ ఎయిమ్స్ దగ్గర. హైదరాబాద్ పోగలిగితే పేట్లబురుజు, సుల్తాన్‌బజార్ ప్రసూతి ఆసుపత్రులు, కేన్సర్ అనుమానానికి రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే. మంగళవారాల్లో ఆడవాళ్లకోసం 2023 మార్చి 8న మొదలుపెట్టిన ఆరోగ్య మహిళ క్లినిక్ మీకు దగ్గర్లో ఎక్కడుందో ఆశా అక్కను అడగండి. 30 దాటినవాళ్లు గర్భసంచి మూతి కేన్సర్ పరీక్ష కూడా అడిగి చేయించుకోండి. స్కాన్‌లో సైజు బాగుందంటే మూతి కూడా బాగుందని కాదు, మొదటి దశలో ఉన్నది స్కాన్‌లో కనపడదు. ఈ పొరపాటు చదువుకున్నవాళ్లు కూడా చేస్తారు.

సరిగ్గా చదివారో లేదో చూసుకోండి

మూడు తరాలున్న ఒక ఇల్లు అనుకోండి. మనవరాలికి 13 ఏళ్లు, 5.6 సెం.మీ., మొన్ననే పెద్దమనిషి అయింది. కోడలికి 36, ఇద్దరు పిల్లలు, 9.1, ముట్టు వచ్చే ముందు తీసిన స్కాన్, ఈటీ 13. అత్తమ్మకు 60, పదకొండేళ్ల కింద ముట్లు ఆగాయి, 6.2, ఈటీ 9, పోయిన వారం చీరకు మరక. ఎవరు డాక్టర్ దగ్గరకు పరుగెత్తాలి?

"కోడలు" అన్నారంటే మెట్టు 3, 5 మళ్లీ చదవండి. అత్తమ్మ. ఆమె సైజు వయసుకు తగ్గట్టే ఉంది, అంకె చూసి "బాగానే ఉంది" అనేస్తారు, కానీ మరక, 9 మి.మీ. పొర కలిస్తే బయాప్సీ ఆగకూడదు. పిల్లకూ కోడలికీ బాధలేమీ లేకపోతే ఏమీ అక్కర్లేదు.

ఇప్పుడు మీ రిపోర్టు వెనకాల పెన్నుతో రాయండి: వయసు, కాన్పులు, పొడవు సెంటీమీటర్లలో, ఈటీ, ముట్టు మొదలై ఎన్నో రోజు, ఇప్పుడున్న బాధ. ఈ ఆరూ రాయగలిగితే ఓపీలో డాక్టర్‌కు రెండు నిమిషాల్లో విషయం చెప్పగలరు. ఏదైనా రాయలేకపోతే ముందు అది కనుక్కోండి, నాకు ఫోటో పంపే ముందు కూడా. ఇంకోటి, స్కాన్ బొమ్మల నల్ల కాగితం వేడికి పాడవుతుంది, మన ఎండలకు బీరువా మీద పెడితే ఒకట్రెండు ఏళ్లలో ఏమీ కనపడదు. తీసుకున్న రోజే రిపోర్టుకూ బొమ్మలకూ వెలుతురులో ఫోటో తీసి, ఇంట్లో ఇంకొకరి ఫోన్‌కు కూడా పంపి ఉంచండి.